బల్ల మీద సూర్యాపేట

యుద్ధాన్ని ఆడుకోవచ్చా? ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. కూడదనేవాళ్ళు యుద్ధంలో చనిపోయినవాళ్ళను చూపిస్తారు. తప్పేముంది అనేవాళ్ళు చదరంగాన్ని చూపిస్తారు. ఈ రెండు జవాబులూ నన్ను తృప్తిపరచలేదు. అసలు చిక్కు ‘ఆట’ దగ్గర కాదు, ‘చిన్నది చేయడం’ దగ్గర ఉందని నాకనిపిస్తుంది. ఒక పెద్ద విషయాన్ని అరచేతిలో పట్టేటంత చేసినప్పుడు అందులోంచి కొన్ని రాలిపోక తప్పదు. ఏవి రాలిపోతాయి? వాటిని ఎవరు నిర్ణయిస్తారు?

మన దగ్గర అంతగా పరిచయం లేని ఒక వ్యాపకం గురించి ముందు చెప్పాలి. బల్లమీది యుద్ధక్రీడలు ఆడేవాళ్ళు చరిత్రలో నిజంగా జరిగిన ఒక పోరును ఎంచుకుంటారు. ఆ సైన్యాలు వాడిన ట్యాంకులు, సాయుధ శకటాలు, లారీలు ప్లాస్టిక్‌లోనో రెజిన్‌లోనో విడిభాగాలుగా దొరుకుతాయి. వాటిని కత్తిరించి, అతికించి, రంగులు వేసి, ఒక్కొక్కటే పోగుచేసుకుంటారు. బాగా వాడుకలో ఉన్న కొలతల్లో 1:72 ఒకటి. ఆ కొలతలో దాదాపు ఆరు మీటర్ల షెర్మన్ ట్యాంకు ఎనిమిది సెంటీమీటర్లు అవుతుంది. మనిషి రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండడు. మొదట అడుగురంగు, దానిమీద సైన్యపు రంగు వేస్తారు. తర్వాత నీళ్ళలా పలచన చేసిన ముదురు రంగు పూస్తే అది సందుల్లోకి దిగి నీడలు తెస్తుంది. ఇంచుమించు ఆరిన కుంచెను అంచులకు తాకిస్తే ఇనుము అరిగినట్టు కనబడుతుంది. చివరికి చక్రాలకు బురద, పక్కలకు దుమ్ము. ఒక్కో బండికి కొన్ని సాయంత్రాలు పడతాయి. ఆ తర్వాత బల్లమీద గుట్టలు, రోడ్లు, వాగులు పరిచి, టేపుతో దూరాలు కొలుస్తూ, పాచికలు వేస్తూ ఆడతారు. బండి ఫిరంగిని బట్టీ, కవచం మందాన్ని బట్టీ దానికి ఇన్ని పాయింట్లని ఉంటుంది. ఈ వ్యాపకంలో అన్నిటికన్నా పెద్ద విలువ ఖచ్చితత్వం. ఫలానా ఏడాది ఫలానా దళం బండిమీద ఏ గుర్తు ఉండేదో, కవచానికి రివెట్లు ఎన్నో గంటలకొద్దీ వాదించుకుంటారు.

దీని మూలం సైనిక శిక్షణలో ఉంది. ప్రష్యా సైన్యం 1824 నుంచీ రైస్విట్జ్ తయారుచేసిన యుద్ధక్రీడతో తన అధికారులకు తర్ఫీదు ఇచ్చింది. ఇంటి నేలమీదికి దాన్ని తెచ్చినవాళ్ళలో హెచ్.జి. వెల్స్ ముఖ్యుడు. ఆయన పుస్తకం ‘లిటిల్ వార్స్’ 1913లో వచ్చింది. ఈ ఆట ఎవరి కోసమో పుస్తకం పేరులోనే ఉంది. మగవాడికి వయసుతో పనిలేదు, నూట యాభై ఏళ్ళు వచ్చినా ఆడుకోవచ్చు. ఆడపిల్లకు మాత్రం మిగతా ఆడపిల్లల కన్నా తెలివి ఎక్కువై ఉండాలి, మగపిల్లల ఆటలు నచ్చాలి. బొమ్మల యుద్ధం నిజం యుద్ధానికి విరుగుడు అని వెల్స్ వాదించాడు. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. యుద్ధాలన్నిటినీ అంతం చేసే యుద్ధం ఇదేనని ఆయనే దాన్ని సమర్థించాడు. ఆటలో కరిగిపోతుందనుకున్న యుద్ధోత్సాహం ఏమీ కరగలేదు.

ఇదంతా ఎక్కడిదో దూరపు ముచ్చట అనుకోవడానికి లేదు. మా నల్లగొండ జిల్లా ఇప్పుడు అలాంటి బల్లమీద ఉంది. న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా చిన్నమ్మ కొడుకు 1948 సెప్టెంబరును బల్లమీద తయారుచేస్తున్నాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి ట్యాంకులతో వచ్చింది. తూర్పున బెజవాడ వైపు నుంచి మరో దళం కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా కదిలింది. నిజాం సైన్యం దగ్గర అమెరికాలో తయారైన స్టాగ్‌హౌండ్, బ్రిటన్‌లో తయారైన హంబర్ సాయుధ శకటాలుండేవి. వెనక్కి తగ్గుతూ వాళ్ళు సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేశారు. అయితే అక్కడ కాపుకాసి కాల్పులు జరపకపోవడంతో భారత సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకుంది. నార్కట్‌పల్లి దగ్గర ఒక రజాకార్ల దళం తుడిచిపెట్టుకుపోయింది. 17న కాల్పులు ఆగాయి. 18న లొంగుబాటు జరిగింది. ఐదు రోజుల్లో ముగిసిన యుద్ధం కాబట్టి ఆటకు బాగా పనికొస్తుందంటాడు తమ్ముడు. రెండు వైపులా బలాలు సమానం కావు కనుక, నిజాం వైపు ఆడేవాళ్ళు ఫలానా గంటవరకు వంతెన దగ్గర శత్రువును ఆపితే గెలిచినట్టు అని నియమం పెట్టాడు. ఆటలో న్యాయం అట్లా తయారుచేస్తారు.

ఒకరోజు ఫోన్ చేసి అడిగాడు: “అక్కా, మునగాల దిక్కు మట్టి ఏ రంగుంటది? ఎర్రగనా, నల్లగనా? టైర్లకు పుయ్యాలె.” మా చెలక భూముల ఎర్రమట్టి ఫొటోలు పంపాను. వాడు మెతక మనిషి. కోడిని కోస్తుంటే చూడలేడు. అంత దూరాన కూచుని ఊరి మట్టిరంగు కోసం తపించడంలో బెంగ కూడా ఉందని నాకు తెలుసు. అందుకే వాడిని ఒక మాటతో తీసిపారేయడం నాకు చేతకాదు. వాడి బల్లమీద లేనివాటి గురించి ఆలోచించకుండా ఉండటమూ చేతకాదు.

సూర్యాపేట రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఊరు మా అమ్మమ్మది. ఆమె తన జ్ఞాపకాల్లో ఒక్కనాడూ ట్యాంకు గురించి చెప్పలేదు. పొగ కనబడుతుందని పొయ్యి వెలిగించలేదని చెప్పేది. జొన్నచేన్లో దాక్కుంటే చంటిపిల్ల ఏడ్వకుండా నోట్లో కొంగు పెట్టానని చెప్పేది. “రజాకార్లు వోయిన్రు, మిలిట్రోళ్ళు వొచ్చిన్రు, మేం మాత్రం చేన్లనే ఉన్నం” అనేది. చరిత్ర పుస్తకం లెక్కలో ఐదు రోజులు. కమ్యూనిస్టుల వేట పేరుతో సైన్యం ఊళ్ళమీదే ఉండిపోయింది. సాయుధపోరాట విరమణ 1951 అక్టోబరులో జరిగింది. అమ్మమ్మ లెక్కలో ఆ యుద్ధం మూడేళ్ళు.

ఆ చర్యకు పెట్టిన పేరును కూడా గమనించాలి. ట్యాంకులు, విమానాలు వాడిన దాన్ని ‘పోలీసు చర్య’ అన్నారు. బొమ్మలు చేసేవాళ్ళకన్నా ముందే ప్రభుత్వం ఆ యుద్ధాన్ని చిన్నది చేసింది. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం సంస్థానంలో తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. వాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువగా జరిగింది. స్త్రీల అపహరణలు, అత్యాచారాలు కూడా ఆ నివేదికలో ఉన్నాయి. దశాబ్దాలపాటు అది బయటికి రాలేదు. లొంగుబాటుతో ముగిసే ఆటలో దానికి చోటే లేదు, ఎందుకంటే అందులో చాలా భాగం ట్యాంకులు వెళ్ళిపోయిన దారిలో వాటి వెనక జరిగింది.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పులి-మేక ఆట అందరికీ తెలుసు. బండమీద గీతలు గీసి, మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపదు, కదలకుండా కట్టేస్తుంది. అది కూడా బలవంతుడికీ బలహీనుడికీ నడుమ పోరే. కానీ అక్కడ పులి ఒక గులకరాయి, మేక ఒక చింతగింజ. అవి పులిలాగా, మేకలాగా కనిపించాలని ఎవరూ అనుకోరు. పోలిక లేదు కాబట్టి అది మనకు ఏ చరిత్రా చెప్పదు, అబద్ధమూ చెప్పదు. చదరంగాన్ని చూపించేవాళ్ళ వాదన నాకు అందుకే సరిపోలేదు. రంగు వేసిన స్టాగ్‌హౌండ్ వేరు. అది ‘ఇట్లాగే ఉండేది’ అని మాట ఇస్తుంది. ఇనుము విషయంలో ఆ మాట నిలబెట్టుకుంటుంది కూడా. రివెట్లు సరిగ్గా ఉన్నప్పుడు మిగతాదంతా సరిగ్గానే ఉందని నమ్ముతాం. వస్తువుల పట్ల చూపిన ఆ ఖచ్చితత్వం, మనుషుల విషయంలో ఉన్న మౌనాన్ని కప్పేస్తుంది.

చిన్న బొమ్మల లోకం మాకూ ఉంది. నడిగడ్డ పల్లెల్లో మట్టి ఎడ్లను చేసి పూజించే అమావాస్య ఉంది. ఆడపిల్లలకు లక్కపిడతలున్నాయి. సుసాన్ స్టీవర్ట్ 1984లో రాసిన ‘ఆన్ లాంగింగ్’ చదివినప్పటినుంచీ ఈ చిన్న వస్తువులు నన్ను వదల్లేదు. చిన్న వస్తువు మన కోరికల గురించి చాలా చెబుతుందని ఆ పుస్తకం నుంచి నేను నేర్చుకున్నాను. అయితే ఆ కోరికలకు జెండర్ ఉందని మా వాకిట్లోనే తెలుస్తుంది. లక్కపిడతల్లో ఇసుక వండిన పిల్ల పన్నెండేళ్ళు వచ్చేసరికి నిజం పొయ్యి ముందు కూచుంటుంది. ఆమె ఆట పనికి తర్ఫీదు. బొమ్మ ట్యాంకులు నడిపే మగవాడు చాలావరకు ఏ యుద్ధానికీ పోడు. అతని ఆట పనినుంచి విడుపు. ఒకే కొలతలో చేసిన రెండు బొమ్మల్లో ఒకటి బతుకులోకి తోస్తుంది, ఇంకొకటి బతుకునుంచి కాసేపు తప్పిస్తుంది. నలభై ఏళ్ళు వచ్చాక కూడా బొమ్మలకు సాయంత్రాలు దొరకడం వెనక, ఆ సాయంత్రాల్లో వంటింట్లో ఎవరున్నారన్న ప్రశ్న ఉంది.

పైనుంచి చూసే చూపే మగచూపు అని ఇక్కడ ఒక మాటతో ముగించవచ్చు. కానీ చరిత్ర అంత సులువుగా లొంగదు. 1942లో బ్రిటిష్ నౌకాదళం లివర్‌పూల్‌లో ఒక యుద్ధక్రీడా విభాగాన్ని పెట్టింది. జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కొనే ఎత్తుగడలను గచ్చుమీద చిన్న ఓడలతో ఆడి తేల్చేవాళ్ళు. ఆ విభాగాన్ని నడిపింది కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్. పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది మహిళా నౌకా సేవాదళానికి చెందిన యువతులు. జీన్ లెయిడ్‌లా, జానెట్ ఓకెల్ వంటివాళ్ళు సముద్రంలో తలపండిన అధికారులను ఆ గచ్చుమీద ఓడించారు. యుద్ధనౌకల మీద పోరాడే హక్కు వాళ్ళకు లేదు. సూక్ష్మరూపం వాళ్ళకు కోరుకున్న కాలక్షేపం కాదు, లోపలికి రానివ్వని చోటిని చూడటానికి దొరికిన ఒకే ఒక కిటికీ. కాబట్టి ఎత్తునుంచి చూడటం దానంతటదే నేరం కాదు. ఆ చూపుకు ఎవరు జవాబుదారీ, ఏ అవసరం కోసం చూస్తున్నారు అన్నవే తేడా తెస్తాయి. లివర్‌పూల్ గచ్చుమీద తప్పు జరిగితే నిజం ఓడ మునుగుతుంది. తమ్ముడి బల్లమీద తప్పు జరిగితే మళ్ళీ మొదటినుంచి ఆడొచ్చు.

ఈ మాటలన్నీ విని తమ్ముడు అడిగాడు: “మరి ఆడోళ్ళను ఏడ బెట్టాలె అక్కా? వాళ్ళకు పాయింట్లు ఎట్ల ఇయ్యాలె?” నిజాయితీగా అడిగిన ప్రశ్న అది. మల్లు స్వరాజ్యం వంటి దళనాయకురాలికి తుపాకీ ఉంది కనుక ఒక బొమ్మ చేయొచ్చు, పాయింట్లూ ఇవ్వొచ్చు. వడిసెల, రోకలి, కారప్పొడి పట్టుకుని గూండాలను తరిమిన ఆడవాళ్ళకు ఎన్ని పాయింట్లు? 1:72లో రోకలి రెండు సెంటీమీటర్లు ఉండదు. కారానికి కొలతే లేదు. అయినా బొమ్మల్లో చోటు దొరకడమే పరిష్కారం అనుకుంటే మనం ఒక పాత అనుభవాన్ని మరిచిపోయినట్టు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ పోరాట స్త్రీలు తమ కథలు తామే చెప్పారు. పోరాటం అయ్యాక మళ్ళీ ఇళ్ళలోకి పంపేసిన తీరు వాళ్ళ మాటల్లోనే తెలిసింది. అవసరానికి బయటికి తీసి, అవసరం తీరాక పెట్టెలో సర్దడం అన్నది బొమ్మల విషయంలోనే జరగదు.

చిన్నది చేయకూడనివి కూడా ఉన్నాయని నేను అనుకుంటున్నాను. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి చేసిన ఊచకోతకు ఒక బురుజు సాక్ష్యంగా మిగిలి ఉంది. బురుజు బొమ్మ చేయడం కష్టం కాదు. శవాల చుట్టూ స్త్రీలను వివస్త్రలను చేసి బతుకమ్మ ఆడించారని అక్కడివాళ్ళు చెప్పుకునే దాన్ని ఏ కొలతలోనూ చేయకూడదు. ఇక్కడ ఖాళీ వదలడమే ఖచ్చితత్వం. అట్లాగని ఖాళీలన్నీ ఒకటి కావు. గౌరవంతో వదిలిన ఖాళీకీ, కనబడక వదిలిన ఖాళీకీ తేడా ఉంది. మొదటిది అక్కడ ఏదో ఉందని చెబుతుంది. రెండోది అక్కడ ఏమీ లేదని చెబుతుంది. యుద్ధాన్ని ఆడుకునేవాళ్ళను నేను అడిగేది ఆ రెండిటి మధ్య తేడా చూపించమనే.

తమ్ముడు ఆలోచించి బల్లమీద ఒక జొన్నచేను పెట్టాడు. రోడ్డు పక్కనే, వంతెనకు దగ్గరగా. చేనులో ఎవరున్నారో ఆడేవాళ్ళకు తెలియదు. చేనువైపు కాల్చినవాళ్ళు, వంతెన చేజిక్కించుకున్నా సరే, ఆట ఓడినట్టు. రెండుసార్లు ఆడాక స్నేహితులు ఆ నియమాన్ని తీసేద్దామన్నారట. ఎటు కదిలినా చేను అడ్డమొస్తోందనీ, ఆట సాగడం లేదనీ. చేనును ఉంచాలా తీసేయాలా అని వాడు నన్ను అడగలేదు. అడిగితే నా జవాబు ఒకటే, ఉంచమని. ఆట సాగకపోతే సాగకపోనీ. చేనులో మనుషులున్నప్పుడు యుద్ధం సాఫీగా సాగిపోవడమే ఆశ్చర్యపడాల్సిన సంగతి.