గోప్యత ఎవరి హక్కు?

వస్తువుకు అంకె వేయడం కొత్త సంగతి కాదు. బండికి నెంబరున్నది; తుపాకికి నెంబరున్నది; ఆఖరికి తూనికరాయి మీద కూడా ప్రభుత్వ ముద్ర వున్నది. వీటిని ఎవరూ అన్యాయమనలేదు. మరి కంప్యూటరుకూ, సెల్‌ఫోనుకూ కంపెనీ వేసే అంకె మీద ఇంత వివాదమెందుకు? ఇది సాంకేతిక నిపుణులు తేల్చుకోవలసిన విషయమని మనలో చాలామంది అనుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. ఇంకా సూటిగా చెప్పాలంటే, అధికారానికి సంబంధించిన ప్రశ్న.

1999లో ఇంటెల్ కంపెనీ పెంటియం-3 ప్రాసెసరులో 96 బిట్ల క్రమసంఖ్యను పొందుపరిచింది. ఇంటర్నెట్ మీద వ్యాపారం భద్రంగా సాగడానికేనని చెప్పింది. ఆ సంఖ్యను చదవగలిగినవాడు ఒకే మనిషి పదిచోట్ల చేసిన పది పనులను ఒకే దారానికి గుచ్చగలడని అమెరికాలోని పౌరహక్కుల సంఘాలు అభ్యంతరం తెలిపినవి, బహిష్కారానికి పిలుపునిచ్చినవి. మరుసటి ఏడు కంపెనీ వెనక్కి తగ్గింది. తర్వాతి తరం ప్రాసెసరులో ఆ సంఖ్య లేదు.

అయితే ఆ గెలుపు పరిమితమైనది. ఈనాడు ప్రతి సెల్‌ఫోనుకూ 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య వున్నది. సిమ్ము మార్చినా అది మారదు. ఫోను నెట్‌వర్కులో చేరేటప్పుడు సిమ్ము గుర్తుతోపాటు ఈ సంఖ్య కూడా కంపెనీ రికార్డుకెక్కుతుంది. దాన్ని మార్చడం 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం నేరం. శిక్ష మూడేళ్లదాకా జైలు, లేదా 50 లక్షల రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ.

ఈ సంఖ్య వల్ల మేలు లేదని కాదు. 2023 మే నెలలో దేశమంతటా అమలులోకి వచ్చిన సి.ఇ.ఐ.ఆర్. పద్ధతి ద్వారా పోయిన ఫోన్లు దొరుకుతున్నవి. మిర్చి ఏరిన కూలిడబ్బులతో కొన్న ఫోను తిరిగి చేతికి రావడం చిన్న విషయం కాదు. కాబట్టి అంకెలో పాపం లేదు. అంకెను మనిషికి ముడివేసే దస్తరం ఎవరి చేతిలో వున్నది, ఆ చేతిని అడిగేవారెవరు అన్నదే ప్రశ్న.

ఇక్కడ మన శిబిరంలోనే ఒక వాదన వినిపిస్తుంది. గోప్యత బూర్జువా విలాసమనీ, ఒకే గది గుడిసెలో ఆరుగురు బతికేచోట అది ఎవరికి కావాలనీ అంటారు. చిత్రమేమంటే, 2017లో సుప్రీంకోర్టు ముందు ప్రభుత్వం వాదన కూడా ఇంచుమించు ఇదే ధోరణిలో సాగింది. తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించారు. పేదలకు తిండి చాలు, హక్కులెందుకన్న తర్కం చరిత్రలో ఘోరాలకు దారితీసిందని తీర్పులో స్పష్టంగా చెప్పారు. పాలకుల వాదాన్ని మనం అరువు తెచ్చుకోవలసిన అవసరమేమిటి?

వాస్తవం చూద్దాం. ఖమ్మం బస్టాండు దగ్గరి టవరు కింద వేల ఫోన్లుంటవి. ఒక ఫోను ఆ గుంపులో కలిసిపోతుంది. చర్ల, దుమ్ముగూడెం అడవి అంచున వున్న పల్లెలో ఒక టవరు కింద వుండేవి కొద్దిపాటి ఫోన్లు. అక్కడ ఫోను కదిలితే మనిషి కదిలినట్లే. 2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి తరలివచ్చిన గుత్తికోయల చుట్టాలు సరిహద్దుకు అవతలే వున్నారు. వారికి చేసిన ఫోను పెళ్లి కబురు కావచ్చు, చావు కబురు కావచ్చు. దస్తరంలో అది సరిహద్దు దాటిన గీత మాత్రమే. ఆ గీతను చదివేవాడు అనుమానంతో చదివితే, సంజాయిషీ ఇవ్వవలసినవాడు గుత్తికోయ. అంటే ఒకే యంత్రం పట్నవాసి కంటే అడవివాసిని ఎక్కువగా బయటపెడుతుంది. గోప్యత ఎక్కువ కావలసింది పేదవాడికేనని చెప్పడానికి ఇంతకంటే నిదర్శనమేమి కావాలి?

1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థజాతుల చట్టం చేసి, 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేసింది. పుట్టిన కులాన్నిబట్టి మనుషుల పేర్లు రిజిస్టరుకెక్కినవి. వారు అధికారుల ముందు హాజరు వేయించుకోవలసి వచ్చింది. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆనాడు మనిషి నడిచివెళ్లి హాజరు చెప్పేవాడు. ఈనాడు అతని జేబులోని వస్తువు అడగకుండానే చెబుతున్నది.

ఇక రెండోవైపు చూడండి. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల మీద కూడా ఒక సంఖ్య వున్నది. అది మామూలు కంటికి కనిపించదు. అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపిస్తుంది. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో తెలుసుకోవడానికి ఆధారం ఆ సంఖ్యే. అది ప్రజలకు దక్కకుండా చేయడానికి ప్రభుత్వం చెప్పిన కారణం దాత గోప్యత! 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసి, మార్చిలో గట్టిగా అడిగిన తర్వాతనే స్టేట్ బ్యాంకు ఆ సంఖ్యలను బయటపెట్టింది. కూలివాడి ఫోను నెంబరు తెరిచిన పుస్తకం, కోట్లిచ్చిన కంపెనీ బాండు నెంబరు రహస్యం! గోప్యత విలాసమన్నవారే ధనికుడి విషయంలో దాన్ని హక్కన్నారు.

కాబట్టి మన కోరిక ఫోన్లు పారేయమని కాదు, అంకెలు చెరపమని కాదు. వస్తువు అంకెను మనిషికి జోడించాలంటే న్యాయమూర్తి ఉత్తరువు కావాలి. దానికి కారణమూ, గడువూ రాతలో వుండాలి. గడువు తీరాక ఆ సంగతి ఆ మనిషికి తెలియాలి. మన దేశంలో ఫోను వినడానికి నేటికీ అనుమతినిచ్చేది న్యాయస్థానం కాదు, హోంశాఖ కార్యదర్శి. అడిగేదీ, అనుమతించేదీ ఒకే ప్రభుత్వమైనప్పుడు అదుపు ఎక్కడిది? కార్మికసంఘాలూ, ఆదివాసీ సంఘాలూ కూలిరేట్ల పక్కనా, పోడుపట్టాల పక్కనా ఈ డిమాండును కూడా చేర్చుకోవాలి. సంఘం పెట్టుకునేవాడు ఎవరితో మాట్లాడాడో యజమానికీ, పోలీసుకూ ముందే తెలిసిపోయేచోట సంఘమే నిలవదు గనుక.