యొర్దానులో ఏడు మునకలు

మన ఏజెన్సీ ఊళ్లలో క్రైస్తవ కుటుంబాల పిల్లలు, ముఖ్యంగా ఇంటరు, డిగ్రీ చదివేవాళ్లు, ఉపాధ్యాయులమైన మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. రక్షణ దేవుని కృప వల్ల ఉచితంగా కలుగుతుందని ప్రతి ఆదివారం వింటున్నాం. మరి మనం చేయవలసిన పని ఏముంది? చేయవలసింది ఏదైనా ఉంటే అది ఉచితం ఎలా అయింది?

ఇది ఎగతాళికి వేసే ప్రశ్న కాదు. దీనికి సరైన జవాబు లేక మన సంఘాల్లో రెండు వైపులా నష్టం జరుగుతోంది. కొందరు బాప్తిస్మం అయింది కదా, ఇక చాలు అనుకుంటారు. సారా మానరు, భార్యను కొట్టడం మానరు, పక్కవాడి పొలం గట్టు జరపడం మానరు. ఇంకొందరు ఎప్పుడూ భయంతోనే బతుకుతారు. కానుక తగ్గితే, ఉపవాసం తప్పితే దేవుడు పిల్లకు జ్వరం పంపుతాడని వణుకుతారు. ఆ వణుకు మీద బతికే బోధకులు కూడా ఉన్నారు. ప్రార్థన చేసిన నూనె సీసాకు వెల కట్టేవాళ్లను మనమంతా చూశాం.

బైబిల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నట్టు పైకి కనిపిస్తుంది. మనుషుడు విశ్వాసం వల్లనే నీతిమంతుడవుతాడని రోమీయులకు రాసిన పత్రికలో పౌలు వాదిస్తాడు. క్రియలు లేని విశ్వాసం ప్రాణం లేనిదని యాకోబు అంటాడు. ఇద్దరూ సాక్ష్యానికి పిలిచేది అబ్రాహామునే. మార్టిన్ లూథరుకు ఇది ఎంత ఇబ్బంది కలిగించిందంటే, 1522లో తాను అనువదించిన కొత్త నిబంధనకు ముందుమాట రాస్తూ యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. రోమా సంఘం ట్రెంటు సభలో, 1547లో, దానికి ఎదురు తీర్మానం చేసింది. లూథరన్లు, కతోలికులు కలిసి ఈ విషయంపై ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసేసరికి 1999 అక్టోబరు 31 వచ్చింది. నాలుగు వందల యాభై ఏళ్లు! మన ఊరి పంచాయితీలే నయం.

అబ్రాహాము కథను వరుసగా చదివితే చిక్కు చాలావరకు విడిపోతుంది. అతడు దేవుణ్ణి నమ్మాడని, ఆ నమ్మకమే నీతిగా లెక్కకు వచ్చిందని ఆదికాండము 15వ అధ్యాయంలో ఉంది. ఇస్సాకును తీసుకుని కొండకు వెళ్లింది 22వ అధ్యాయంలో. లెక్క ముందే కుదిరింది, నడక తరువాత వచ్చింది. పౌలు మొదటిదాన్ని చూపిస్తున్నాడు. ఆ నమ్మకం నిజంగా నమ్మకమేనని రెండవది రుజువు చేసిందని యాకోబు చూపిస్తున్నాడు. పౌలు కూడా ఎఫెసీయులకు రాసినప్పుడు, కృప వల్ల రక్షణ అని చెప్పిన వెంటనే, మంచి పనులు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడని రాశాడు. మన బోధకులు 2వ అధ్యాయం 8, 9 వచనాలు చదివి పదో వచనం దగ్గర పుస్తకం మూసేస్తారు. అక్కడే మాకు కోపం వస్తుంది.

అయితే సగం దేవుడు, సగం మనం అని పంచుకోవడం కూడా సరికాదు. వాన దేవుడిది, విత్తనం మనది అని చెప్పడం తేలిక, పొడు చేసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది కూడా. కానీ ఆ విత్తనం ఎక్కడిది? చల్లే చేతికి బలం ఎక్కడిది? కోరిక పుట్టించేవాడు, పని చేయించేవాడు కూడా దేవుడేనని ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చెబుతుంది. అందుకే మేము పిల్లలకు వాటాల లెక్క చెప్పం. రాజులు రెండవ గ్రంథం 5వ అధ్యాయంలోని నయమాను కథ చెబుతాం.

నయమాను సిరియా సైన్యాధిపతి, కుష్ఠరోగి. వెండి, బంగారం, పది జతల బట్టలు తీసుకుని ఇశ్రాయేలు దేశానికి వచ్చాడు. వైద్యానికి వెల కట్టడం అతనికి తెలుసు. ఎలీషా బయటికి కూడా రాలేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు. నయమానుకు కోపం వచ్చింది. మా దమస్కు నదులు ఇంతకన్నా మంచివి కావా అన్నాడు. చివరికి అతని పనివాళ్లు నచ్చజెప్పారు: కష్టమైన పని చెబితే చేసేవాడివి కదా, ఇంత తేలికైనది ఎందుకు చేయవు? అతడు మునిగాడు, బాగుపడ్డాడు.

ఇక్కడ ఆగి పిల్లల్ని అడగాలి. ఆ ఏడు మునకలు స్వస్థతకు ధరా? కాదు, ఆ నీళ్లలో రోజూ ఎందరు మునగలేదు! అయితే అతడు మునగకుండా రథం తిప్పుకుని వెళ్లిపోయి ఉంటే? ఉచితంగా ఇచ్చింది అతని చేతికి అందేది కాదు. మునక వెల కాదు, చేయి చాపడం. ఆ చేయి చాపడానికి కూడా అతను ముందు పెద్దరికం దిగవలసి వచ్చింది.

బాగైన తరువాత నయమాను కానుక ఇవ్వబోతే ఎలీషా ఒట్టు పెట్టి మరీ వద్దన్నాడు. కృతజ్ఞత చూపడం తప్పా? మన పెద్దలు మామిడి కొత్త, చిక్కుడు కొత్త చేసేటప్పుడు ముందు దేవతకు పెట్టి తరువాత తింటారు. పంట ముందు వచ్చింది, పెట్టడం తరువాత. అది కొనుగోలు కాదని మన ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. కానీ వెండి మూటతో వచ్చిన నయమానుకు ఆ తేడా ఇంకా తెలియదు. ఆ రోజు తీసుకుని ఉంటే, డబ్బిచ్చి బాగు చేయించుకున్నానని ఇంటికి వెళ్లి చెప్పేవాడు. ఎలీషా సేవకుడు గేహజీ వెనకాలే పరుగెత్తి, అబద్ధం చెప్పి వెండి, బట్టలు తెచ్చుకున్నాడు. ఆ కుష్ఠు అతనికి అంటుకుంది. నూనె సీసాలు అమ్మేవాళ్లు ఈ అధ్యాయం మీద ప్రసంగం చేయగా మేము వినలేదు.

ఈ కథ మొదలైంది ఒక చిన్నపిల్లతో. సిరియా సైనికులు ఇశ్రాయేలు నుంచి ఎత్తుకుపోయి నయమాను భార్య దగ్గర పనికి పెట్టిన పిల్ల అది. వెట్టి అంటే ఏమిటో, అప్పుకు మనుషులు తాకట్టు పడటం ఏమిటో మన తాతలు చూసినదే. ఏజెన్సీలో వడ్డీకి, భూముల బదలాయింపుకు అడ్డుకట్ట వేయడానికి 1917లోనే చట్టం చేయవలసి వచ్చింది. ఆ పిల్ల తనను బందీగా పెట్టినవాడి మేలు కోరింది, ప్రవక్త సంగతి చెప్పింది. ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఆమె ఏమీ అడగలేదు. నయమాను తిరిగి వెళ్లేటప్పుడు రెండు కంచరగాడిదలు మోసేంత మన్ను అడిగి తీసుకువెళ్లాడు, ఇకమీదట యెహోవాకే బలి అర్పిస్తానన్నాడు. రాజుతో కలిసి రిమ్మోను గుడిలో వంగవలసి వస్తే క్షమించమని కూడా అడిగాడు. అంత ఆలోచించినవాడు ఇంటికి చేరాక ఆ పిల్లను తల్లిదండ్రుల దగ్గరికి పంపాడా? గ్రంథంలో ఆ మాట లేదు. తరగతిలో ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల, తరచుగా హాస్టల్లో ఉండే పిల్ల, అదే అడుగుతుంది.