కుంటుచు వెళ్లి అన్నను కలిసికొనుట
(ధ్యానభాగము: ఆదికాండము 32, 33 అధ్యాయములు)



మన గోరంట్ల ప్రాంతములో బలమునకు గౌరవము ఎక్కువ. రాతిగుండు ఎత్తినవాని పేరు ఊరంతయు చెప్పుకొందురు. బండలాగుడు పందెములో గెలిచిన యెద్దులకు పూలదండలు వేయుదురు. వాన తప్పిన యేట చెనిక్కాయ చేను ఎండిపోగా, మనకు మిగులు ఆస్తి రెక్కల బలమొక్కటే. దానినే నమ్ముకొని బెంగుళూరుకు కూలికి పోవుదుము. కనుక ఈ నెల బలమును గూర్చియే ధ్యానింతము. బలమునే వృత్తిగా చేసికొనిన ఒక ముష్టియోధుని జీవితమును మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన పేరు జార్జ్ ఫోర్‌మన్. 1949లో అమెరికా దేశపు టెక్సాస్ రాష్ట్రమున పుట్టి, హూస్టన్ నగరములోని బీదల పేటలో పెరిగెను. బడి మానెను. దారిన పోవువారిని కొట్టి సొమ్ము లాగుకొనెడివాడనని పిమ్మట తానే ఒప్పుకొనెను. బీద యువకులకు పని నేర్పుటకు ప్రభుత్వము పెట్టిన శిక్షణాలయములో చేరగా, అక్కడి గురువు ఒకరు ఆ పిడికిళ్లను వీధినుండి బరిలోనికి మళ్లించిరి. 1968లో మెక్సికో ఒలింపిక్ పోటీలలో బంగారు పతకము గెలిచెను. మరుసటి యేట సొమ్ము కొరకు పోరాడు వృత్తియోధుడాయెను. ముష్టియుద్ధములో అందరికంటె బరువైన యోధుల తరగతిని హెవీవెయిట్ అందురు. 1973 జనవరిలో జమైకా దేశమున, ఆ తరగతిలో లోకవిజేతయైన జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలోనే ఆరు మారులు నేల గరపించి, ఆ బిరుదును తాను తీసికొనెను. అప్పటికి ఆయనకు 24 ఏండ్లు. ఎదుటివారు తన్ను చూచి భయపడుట ఆయనకు ఇష్టము. కోపమే తన బలమునకు ఎరువని తలంచెను.

1974 అక్టోబరులో ఆఫ్రికా ఖండమందలి కిన్షాసా నగరములో ముహమ్మద్ ఆలీ ఆయనకు ఎదురు నిలిచెను. ఆలీ బరి త్రాళ్లకు ఆనుకొని, చేతులు అడ్డము పెట్టుకొని, దెబ్బలను కాచుకొనుచు వచ్చెను. ఫోర్‌మన్ కొట్టి కొట్టి అలసెను. ఎనిమిదవ రౌండులో ఆలీ ఆయనను పడగొట్టెను. బిరుదు పోయెను, ఆలీ మీద పగ మాత్రము మిగిలెను.

1977 మార్చిలో ప్యూర్టోరికో ద్వీపమున జిమ్మీ యంగ్ చేతిలో మరల ఓడెను. ఆ రాత్రి దుస్తులు మార్చుకొను గదిలో దేహము కూలబడగా, చచ్చిపోవుచున్నానని యెంచి దేవునికి మొరపెట్టెను. ఆ రాత్రియే తన జీవితము మారెనని కడవరకు సాక్ష్యమిచ్చెను. బరి విడిచి, బోధకుడై, వీధి మూలలలో నిలువబడి ప్రసంగించెను. 1980లో హూస్టన్‌లో ఒక చిన్న సంఘమును, 1984లో యువకుల కొరకు ఒక కేంద్రమును స్థాపించెను.

యాకోబు కథ ఇట్టిదే కాదా? అన్నయగు ఏశావును మోసగించి పారిపోయినవాడు, ఇరువది ఏండ్లకు తిరిగివచ్చుచుండెను. ఏశావు 400 మందితో ఎదురు వచ్చుచున్నాడని విని భయపడెను. ఆ రాత్రి యబ్బోకు రేవునొద్ద ఒంటరిగా తెల్లవారువరకు పెనుగులాడి, తొడగూడు వసలగా, కుంటివాడాయెను. అయితే ఆశీర్వాదము పొందెను. తెల్లవారినప్పుడు ఆ కుంటికాలితోనే వెళ్లి అన్న యెదుట సాగిలపడెను. ఏశావు పరుగెత్తి వచ్చి కౌగిలించుకొనెను. ప్రియులారా, రాత్రి దేవునితో జరిగిన పెనుగులాట, ఉదయము అన్న ముఖము చూచుటకు యాకోబును సిద్ధపరచెను.

ఫోర్‌మన్ సుమారు పదియేండ్లు బరి ముఖము చూడలేదు. యువకుల కేంద్రమునకు సొమ్ము చాలక, 1987లో 38 ఏండ్ల ప్రాయమున తిరిగి వచ్చెను. బట్టతలను, బొజ్జను చూచి జనులు నవ్విరి. ఆయనయు వారితోకూడ నవ్వెను. 1991లో హోలీఫీల్డ్‌తో 12 రౌండ్లు పోరాడి ఓడెను. 1994 నవంబరు 5న లాస్ వేగాస్‌లో, 26 ఏండ్ల మైకేల్ మూరర్‌తో తలపడి, తొమ్మిది రౌండ్లు లెక్కలో వెనుకబడియుండి, పదియవ రౌండులో కుడిచేతి దెబ్బతో గెలిచెను. 45 ఏండ్ల ప్రాయములో మరల లోకవిజేత! గెలిచిన వెంటనే బరి మూలన మోకరించెను.

విశ్వసించినవారందరికి పోయిన కిరీటములు తిరిగివచ్చునని మేము చెప్పుట లేదు. యాకోబు కాలు బాగుపడెనని వాక్యములో లేదు. మన బిడ్డలను ముష్టియుద్ధమునకు పంపుడనియు చెప్పుట లేదు. అది తలకు చేయు హానిని వైద్యులు చెప్పుచునే యున్నారు. మేము చూపదలచినది ఆ బిరుదుకంటె గొప్పది. తాను పగపట్టిన ఆలీకి ఫోర్‌మన్ ప్రాణస్నేహితుడాయెను. ఆలీ ఇస్లాము మతస్థుడు, ఈయన క్రైస్తవ బోధకుడు. అయినను 2016లో ఆలీ మరణించువరకు ఆ స్నేహము నిలిచెను. 2025 మార్చిలో తన 76వ యేట ఫోర్‌మన్ కూడ కన్నుమూసెను. ఆడిన పోరాటములు 81, గెలిచినవి 76. ఆ లెక్క లోకము వ్రాసికొనును. పగ విడిచిన లెక్క పరలోకమందు వ్రాయబడును.

ఇప్పుడు మన సంగతి. చిత్రావతి ఎండినప్పుడు మన హృదయములును ఎండుచున్నవి. జానెడు గట్టు కొరకు, బోరునీటి వంతు కొరకు అన్నదమ్ములు మాటలు మానుకొని, ఒకే ఆరాధనలో చెరియొక ప్రక్కను కూర్చుండుట లేదా? మేమును నిర్దోషులము కాము. ఒక కరవు యేట నీటి విషయమై ఒక సహోదరునితో మాట విడిచి, ఆయన కుమార్తె పెండ్లికి వెళ్లకపోతిమి. తరువాత వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆయన చెంబుతో నీళ్లిచ్చి కూర్చుండుమనెను. అయితే ఆ పెండ్లిదినము మాకు మరల రాదు.

కావున వచ్చే ప్రభురాత్రి భోజన ఆదివారమునకు ముందు, గడప దాటి వెళ్లవలసిన ఇల్లు ఏదో ఒక్కొక్కరము తలంచుకొందము. తప్పు ఎవరిదని కొలుచుచు కూర్చుండవద్దు. కాలు కుంటినను వెళ్లుదము. మన కంటె ముందుగా మనలను వెదకివచ్చిన ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.