పరధనమునకు సాక్షి యెవరు?

అంతరాత్మ సాక్షిగా ధర్మము తప్పక నడచుకొనువానిపై మఱియొకరి తనిఖీ యేల, అది యతని శీలమునకు అవమానము కాదా యను ప్రశ్న, తాండూరులో కార్యాలయమునకు కాగితములు కొను చిన్న యుద్యోగి మొదలు వికారాబాదు పల్లెల సర్పంచుల వరకు, ప్రజల సొమ్ము చేత పట్టినవారినందఱిని ఎప్పుడో యొకప్పుడు బాధింపక మానదు. అందు ఆత్మగౌరవమున్నది, ధనస్వామి యెవరను విచారము మాత్రము లేదు.

మన ధర్మశాస్త్రకారులు ఆ విచారమును విడువలేదు. మనుస్మృతి పదునెనిమిది వివాదపదములను లెక్కించుచు, ఋణము తరువాత రెండవ స్థానమును నిక్షేపమునకు, అనగా నమ్మి దాచి యుంచుమని యిచ్చిన సొమ్మునకు, మూడవ స్థానమును తనది కానిదానిని అమ్ముటకును ఇచ్చినది. దానమన్నను తన స్వత్వమును వదలి పరునికి స్వత్వము కలిగించుటయే గనుక, తనది కానిదానిని సత్కార్యమునకైనను ఇచ్చుట పొసగదు.

ఈ సూక్ష్మమునకు కంచర్ల గోపన్న కథను మించిన నిదర్శనము నాకు తోచదు. గోలకొండ సుల్తాను తానీషా యేలుబడిలో (1672–1687) తహసీలుదారుగా తాను వసూలు చేసిన శిస్తును భద్రాద్రి రామాలయమునకు వెచ్చించిన యా భక్తుడు, మన అనంతగిరిలో పుట్టిన మూసీ చేరువగా పాఱు గోలకొండలో, పండ్రెండేండ్లు చెరలో మ్రగ్గెననియు, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి విడిపించిరనియు జనులు చెప్పుకొందురు. ఆ కథలో నన్ను నిలువరించునది యొక చిన్న యంశము: దేవుడు సొమ్ము చెల్లించి రసీదు పుచ్చుకొనెను. వ్యయమైనది తన గుడికే యైనను, భక్తుని హృదయము తనకు తేటతెల్లమే యైనను, ఆ కారణమున బాకీ కొట్టివేయుమని యడుగలేదు. తుది మొహరీ వఱకు లెక్కించి యిచ్చి, చెల్లుచీటిని గోపన్న చెంత నుంచెను. అంతర్యామి యెఱిగినది ఖజానా యెఱుగజాలదు గదా!

నేటి పాలనయు ఇట్టి బయటి సాక్షినే కోరును. అమెరికా ప్రభుత్వము ఉద్యోగులకు కొనుగోలు కార్డులిచ్చి, కొనువాడొకడు, ఆ ఖర్చును సరిచూచి ఆమోదించువాడు వేఱొకడు కావలెనని విధించినది. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము చెక్కుపై సర్పంచితో పాటు ఉపసర్పంచి సంతకమును గూడ కోరినది. దొంగతనముకంటె మొగమాటమే యీ కట్టుబాటులకు పెద్ద శత్రువని నా నమ్మకము. స్నేహమునకై ఖాళీ చెక్కుపై ముందే సంతకము చేసి యిచ్చువాడు తానేమియు తినకపోయినను నిక్షేపమును పాడుచేసినవాడే.

ధనస్వాములగు ప్రజలే సాక్షులగునట్లు, 2005 నాటి ఉపాధి హామీ చట్టము సామాజిక తనిఖీని గ్రామసభకే యప్పగించెను. కూలీల హాజరుపట్టీ యగు మస్టరులో తన పేరు బిగ్గరగా చదువగా విని, ఆ దినము తాను పనికి పోలేదని కూలి యొకతె లేచి చెప్పినచో, అక్కడి యుద్యోగి యెంతటి నిష్కళంకుడైనను కోపింపక, రికార్డు తెప్పించి, ఆమె కెఱుకపడునట్లు చదివి వినిపింపవలెను.