వీధి వైపు వంగిన కొమ్మ

ముంజేయి అంటే చేతి ముందుభాగం. ముంగిలి కూడా అలాంటి మాటే. అది ఇంటికి బయట ఉన్న జాగా కాదు, ఇల్లే నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడ్డ చోటు. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలంటే మనం చాచేది ముంజేతినే. ఈ రెండు మాటలూ చిన్నప్పటి నుంచీ వాడుతున్నవే అయినా వాటి చుట్టరికం నాకు తెలిసిరావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా ముంగిలి పెద్దదేం కాదు. తూర్పు ముఖం ఇల్లు. గేటుకూ గడపకూ మధ్య పదిహేను అడుగులు ఉంటుంది. కట్టిన కొత్తలో ఊడ్చుకోవడం తేలికని ఆ జాగా అంతా టైల్స్ పరిపించాను. మొదటి పెద్దవానకే నీళ్ళు ఇంకే దారిలేక గడప దాకా వచ్చి నిలిచాయి. ఎండాకాలమైతే పొద్దుగూకాక కూడా ఆ బండలు వేడి కక్కేవి. ఇద్దరు పక్కపక్కన నడిచేందుకు నాలుగడుగుల బాట, ముగ్గుకు కాస్త చదును ఉంచుకుని, మిగతాది పగలగొట్టించాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు పోయించాను. పొద్దుటెండ బాగా పడేచోట తులసికోట కట్టించాం. కిటికీ కింద మల్లె పెట్టాం. దుబ్బుగానే ఉంటుంది కనుక గాలికి అడ్డం రాదు, రాత్రి వాసన గదిలోకి వస్తుంది. గన్నేరు చూడ్డానికి బాగుంటుంది గానీ నిలువెల్లా విషం, పిల్లలు తిరిగే వాకిట్లో వద్దనుకున్నాను. గేటు పక్కన పారిజాతం, ప్రహరీకి రెండడుగుల లోపల నందివర్ధనం, బాట వారగా మందారం.

గీత పదమూడో అధ్యాయంలో కృష్ణుడు దేహాన్ని క్షేత్రమన్నాడు, అంటే పొలం. దాన్ని ఎరిగినవాణ్ణి క్షేత్రజ్ఞుడన్నాడు. పొలానికి యజమాని అనలేదు. చదివినప్పుడు ఈ తేడా నాకు పట్టలేదు, మందారానికి పాదు చేసేటప్పుడు పట్టింది. మొదట్లో కాండం చుట్టూ జానెడు గుంట తీసి బిందెడు నీళ్ళు గుమ్మరించేవాణ్ణి. మొదలు నానిపోయింది, ఆకులు మాత్రం వాడుతూనే ఉన్నాయి. నీళ్ళు తాగే సన్నవేళ్ళు ఎక్కువగా ఉండేది మొదలు దగ్గర కాదు, కొమ్మల నీడ పడే అంచు దగ్గర, ఇంకా ఆవల. నీడ ఎందాకానో పాదు అందాకా తీయాలి. చెట్టు నాదని నేను పోసిన నీళ్ళు చెట్టుకు అందలేదు, చెట్టును చూసి పోసిన నీళ్ళు అందాయి. ఎరిగినవాడికి ఉన్న అధికారం అంతవరకే. మొగ్గ తొడిగించడం ఎవరి చేతిలోనూ లేదు.

మల్లె దగ్గర ఇంకా చాలా నేర్చుకున్నాను. పుష్యమాసం ప్రాంతంలో దానికి నీళ్ళు ఆపేయాలి. ఆకు దూసేసి, కొమ్మలు కత్తిరించాలి. తోటలు వేసే రైతులు గొర్రెలను తోలి ఆకంతా మేపించడం కూడా ఉంది. చూసేవాళ్ళకు చెట్టు చచ్చిపోయిందనిపిస్తుంది. మా ఇంట్లోవాళ్ళు ఆ ఎండు పుల్లలను చూసి మొదటి ఏడాది నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తరవాత మళ్ళీ తడి పెడితే, చిగురు వెంటే మొగ్గ వస్తుంది. ఉపవాసమనే మాటకు దగ్గరగా ఉండటమని అర్థం చెబుతారు. తిండి మానడానికీ దగ్గరగా ఉండటానికీ సంబంధమేమిటో అనుకునేవాణ్ణి. నీళ్ళు ఆపిన ఆ రోజుల్లో నేను మల్లెకు ఏడాది మొత్తంలో ఎన్నడూ లేనంత దగ్గరగా ఉన్నాను. రోజూ పొద్దున్నే వంగి ఒక్కో కణుపూ వేలితో తడిమి చూసుకునేవాణ్ణి, ఎక్కడైనా పచ్చటి చుక్క కనిపిస్తుందేమోనని. తులసికి వెన్నులు తుంచడం కూడా ఇలాంటిదే. గింజ కట్టనిస్తే చెట్టు ముదిరిపోతుంది, తుంచితే గుబురెక్కుతుంది.

ఇంత తెలిసీ నందివర్ధనం దగ్గర ఓడిపోయాను.

ఒక కార్తికమాసం పొద్దున, ఇంకా పూర్తిగా తెల్లవారకముందు, కొమ్మ కదిలిన చప్పుడైంది. కిటికీ తెరిచి చూస్తే ఒక పెద్దావిడ వీధిలో నిలబడి, చేతికర్ర వంపుతో కొమ్మను ప్రహరీ మీదికి లాగి పూలు కోస్తోంది. "ఎవరండీ అది?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆవిడ కొమ్మ వదిలేసింది. కొంగులో పూలన్నీ ఒక్కొక్కటే తీసి గోడ మీద పెట్టింది. "శివుడికి బాబూ, తప్పయింది" అని కర్ర ఊతంగా వెళ్ళిపోయింది. పదకొండు పూలు. నేనవి పూజకు వాడలేకపోయాను.

నా ఆ గట్టి గొంతు తలుచుకుంటే నాకొక గునపం గుర్తొస్తుంది. తిరుమలలో మహాద్వారం దాటి వెళ్ళేటప్పుడు కుడివైపు గోడకు వేలాడుతూ ఉంటుంది. అది అనంతాళ్వారుదని చెబుతారు. రామానుజుల ఆజ్ఞ మీద కొండకు వచ్చి స్వామికి పూలతోట వేసినవాడు. తోటకు నీళ్ళ కోసం చెరువు తవ్వుతూ, మట్టి మోయడానికి నిండు చూలాలైన భార్యను తప్ప ఎవరినీ రానివ్వలేదట. ఒక కుర్రవాడు వచ్చి ఆమెకు సాయం చేస్తే కోపం పట్టలేక గునపం విసిరాడు. గడ్డానికి తగిలింది. గుడికి వెళ్ళి చూస్తే స్వామి గడ్డం నుంచి రక్తం. స్వామి చుబుకానికి పచ్చకర్పూరం పెట్టడం అప్పటి నుంచే అంటారు. ఇంకో కథలో, రాత్రిపూట తోటలో పూలు కోసే జంటను ఆయన పట్టుకోబోతే మగవాడు తప్పించుకున్నాడు. దొరికిన ఆవిడను సంపెంగ చెట్టుకు కట్టేశాడు. ఆవిడ అలమేలుమంగ. స్వామి అప్రదక్షిణంగా పారిపోయిన ఆ ఘట్టాన్ని బ్రహ్మోత్సవాలు ముగిసిన మర్నాడు భాగ్‌సవారి పేరుతో ఇప్పటికీ జరుపుతారు.

ఈ కథలను భక్తుడి పట్టుదలకు మెచ్చుకోలుగా చెప్పుకుంటాం. నా మనసు మాత్రం ఆ కోపం దగ్గరే ఆగుతుంది. ధనం మీద ఆశ వదిలి, ఊరు వదిలి, చలికొండ మీద దేవుడి కోసం బతికినవాడికి కూడా చివరగా ఒకటి మిగిలింది. 'ఈ సేవ నాది' అన్న పట్టు అది. తోట ఎవరికోసమో ఆయనే వచ్చి పువ్వు కోస్తే దొంగలా కనిపించాడు. అన్నిటికన్నా సన్నని మమకారం పూజ వేషం వేసుకుని వస్తుంది కనుకనే దాన్ని గుర్తుపట్టడం కష్టం. ఆలయం వాళ్ళు ఆ గునపాన్ని దాచిపెట్టలేదు. లోపలికి వెళ్ళే ప్రతివాడి కంటా పడేచోట కట్టారు.

తరవాతి వానాకాలం నందివర్ధనం కొమ్మలు నాలుగు కోసి, ఈసారి ప్రహరీని ఆనుకునేలా నాటాను. మూడు బతికాయి. గోడ ఎత్తు ఒక వరుస ఇటుకలు తగ్గించాను. పారిజాతం కింద వీధివైపు కూడా రాత్రి కడిగి వదిలేస్తున్నాం. నేల రాలినా దేవుడికి పనికొచ్చే పువ్వు అది. దాన్ని కోయడమంటూ ఉండదు, ఏరుకోవడమే.

పెద్దావిడ మళ్ళీ వస్తోంది. వంచకుండానే అందుతున్నాయి కనుక కర్ర గోడకు ఆనించి రెండు చేతులతో కోసుకుంటుంది. నేను పలకరించను. పలకరిస్తే అడిగి కోసినట్టవుతుంది. అయినా కొమ్మ కదిలిన చప్పుడుకు ఇప్పటికీ నా తల కిటికీ వైపు తిరుగుతుంది. వెంటనే తెలుస్తుంది, వెనక్కి తిప్పుకుంటాను.