పెరుగు వద్దన్న పిల్లకి

సంచికకు వ్యాసం శుక్రవారం కల్లా పంపమని సంపాదకురాలు రెండుసార్లు మెసేజ్ పెట్టారు. అంశం కూడా ఆవిడే ఇచ్చారు: మనం పిల్లలకు అందించే విలువలు. భాష గురించి, పెద్దల పట్ల గౌరవం గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, చక్కగా రాస్తున్నారు. నేను తిండి గురించి రాస్తాను. కొన్ని నెలలుగా మా ఇంట్లో వేరే మాట లేదు.

మా అమ్మాయికి పదిహేనేళ్లు. పుట్టినప్పటి నుంచీ శాకాహారి. కిందటి వేసవిలో ఒక రాత్రి పెరుగన్నం కంచం పక్కకు జరిపి, "అమ్మా, మన తిండి కోసం ఏ ప్రాణీ బాధపడకూడదని మీరే కదా చెప్పారు. మరి దూడ తాగాల్సిన పాలు మనం ఎలా తాగుతాం?" అంది. ఆ రోజు నుంచీ పాలు, పెరుగు, నెయ్యి, చీజ్ అన్నీ మానేసింది. కోపంతో అన్న మాట కాదు, నన్ను ఇరుకున పెట్టాలనీ కాదు. నిజంగానే తేల్చుకోలేక అడిగింది. మేం నేర్పినదాన్ని మాకంటే ముందుకు తీసుకెళ్లింది.

ఆ పిల్ల మనసు చూసి గర్వపడ్డాను. ఆ వెంటనే భయమూ వేసింది. మన ఇళ్లలో శాకాహారం ఇన్ని తరాలు నిలబడిందే పాడి మీద. కంచంలో ఏది ఉన్నా లేకపోయినా చివర ఇంత పెరుగన్నం ఉండేది. ఆ పెరుగు తీసేస్తే మిగిలిన భోజనంలో ఏముంది, ఏం లేదు అన్నది మనలో ఎంతమందికి తెలుసు? మాంసం వద్దని చెప్పడం మనకు తెలుసు. దాని బదులు ఏం పెట్టాలో పిల్లలకు చెప్పామా?

మాంసం తినే కుటుంబాలను తక్కువ చేయడానికి ఇది రాయడం లేదని ముందే చెబుతున్నాను. 2014లో భారత ప్రభుత్వం జరిపిన ఎస్‌ఆర్‌ఎస్ సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మంది దాకా మాంసాహారులే. గోంగూర మాంసం, చేపల పులుసు మన వంటలు కావని అనడానికి ఎవరికీ హక్కు లేదు. అమెరికాలో ఈ సంచిక చదివే తెలుగు ఇళ్లలోనూ రెండు రకాల వంటిళ్లూ ఉన్నాయి, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో రెండు పొయ్యిలున్నాయి. కాబట్టి రెండు వైపులా చూసే రాస్తాను.

పెరుగు తీసేస్తే పోయేవాటిలో ముందు విటమిన్ బి12 గురించి. దీన్ని మొక్కలు తయారు చేయవు. ఆ మాటకొస్తే ఆవూ చేయదు, కోడీ చేయదు. చేసేవి సూక్ష్మజీవులు. ఆవు కడుపులో ఉన్న బ్యాక్టీరియా తయారు చేస్తే అక్కడి నుంచి పాలలోకి వస్తుంది. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలకు రోజుకు 2.4 మైక్రోగ్రాములు కావాలి. కప్పు పాలలో ఇంచుమించు 1.2 ఉంటుంది. పొద్దున ఒక గ్లాసు పాలు, రాత్రి గడ్డపెరుగుతో అన్నం తినే పిల్లకు లెక్క దాదాపు సరిపోయేది. పప్పు, సాంబారు, పులిహోర, వంకాయ కూర ఎంత తిన్నా ఈ లెక్కలో సున్నాయే. ఇడ్లీ పిండి పులిస్తే బి12 పుడుతుందని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. పులిసిన పిండిని నమ్ముకుని పిల్లలను పెంచలేం. స్పిరులినాలో ఉండేదీ ఎక్కువ భాగం బి12ను పోలిన వేరే పదార్థమే, ఒంటికి పనికిరాదు.

మా అమ్మాయి పాలకు బదులు తెచ్చుకున్న బాదం పాల డబ్బా తిప్పి చూశాను. కాల్షియం కలిపారు, విటమిన్ డి కలిపారు. బి12 లేదు. కప్పుకు ప్రొటీన్ ఒక్క గ్రాము. అదే షెల్ఫులో పక్కనున్న సోయా పాల డబ్బాలో బి12 కూడా కలిపారు, ప్రొటీన్ ఏడు గ్రాములుంది. రెండు డబ్బాల ముందు వైపూ చూడటానికి ఒక్కలాగే ఉన్నాయి. ఇప్పుడు మా ఇంటికి సోయా పాలే వస్తున్నాయి. కలిపిన కాల్షియం అడుగుకు దిగిపోతుంది కాబట్టి పోసే ముందు డబ్బాను బాగా కుదపమని అమ్మాయికి అలవాటు చేశాను.

బి12తో చిక్కేమిటంటే అది తగ్గడం వెంటనే కనబడదు. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. తెలిసినవాళ్ల అబ్బాయి మొటిమల కోసమని హైస్కూల్లోనే పాలు, పెరుగు మానేశాడు. పెద్దలు పట్టించుకోలేదు, చదువుకుంటున్నాడు కదా అనుకున్నారు. కాలేజీ రెండో ఏడు థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చినప్పుడు మెట్లు దిగుతూ రెయిలింగ్ వదలడం లేదని వాళ్లమ్మ గమనించింది. అడిగితే అరికాళ్లు తిమ్మిరిగా ఉంటున్నాయని, ఎక్కువసేపు కూర్చోవడం వల్లేమోనని అన్నాడు. రక్తపరీక్షలో బి12 అట్టడుగున ఉంది. ఇంజెక్షన్లతో కోలుకున్నాడు. అందరూ అంత పూర్తిగా కోలుకోరు, ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం కొంత మిగిలిపోవచ్చు.

మన తిండి వల్లే ఇందులో ఇంకో మెలిక ఉంది. పప్పులు, ఆకుకూరలు తినే ఇళ్లలో ఫోలేట్‌కు సాధారణంగా కొరత ఉండదు. అది మంచిదే. కానీ ఫోలేట్ దండిగా ఉన్నప్పుడు బి12 లోపం వల్ల రావలసిన రక్తహీనత బయటపడకపోవచ్చు. రక్తం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూ ఉంటాయి.

ఫోలేట్ పేరెత్తితే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారే గుర్తొస్తారు. భీమవరంలో 1895లో పుట్టి 1923లో అమెరికా వచ్చిన మనవాడు. స్ప్రూ అనే జబ్బు ఆయన తోడబుట్టినవాళ్లను తీసుకుపోయింది, ఆయననూ పీడించింది. పేగులు పోషకాలను పీల్చుకోలేని జబ్బు అది. ఫోలిక్ ఆమ్లమూ బి12 కూడా ఒంటికి అందవు. హార్వర్డ్‌లో పనిచేసి, తర్వాత లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, అక్కడ తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేయించారు. బి12ను మొదటిసారి విడిగా తీసిన ఏడాది 1948. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్క్ దగ్గర కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. మన పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే గొప్ప తెలుగు కథ ఏముంటుంది? పిల్లలకు తెలుగు నేర్పే మనబడిలో వేమనతో పాటు ఈయన గురించీ ఒక క్లాసు పెట్టాలని నా కోరిక.

"మా కాలంలో ఏ మాత్రలు మింగాం? బాగానే ఉన్నాం కదా" అని మా అత్తయ్యగారు అంటారు. ఆవిడ మాటంటే నాకు గౌరవమే. కానీ ఆ కాలంలో ఎవరికీ బి12 పరీక్ష చేయలేదు. నీరసం, తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు, అన్నీ వయసు ఖాతాలో పడిపోయాయి. భారతదేశంలో శాకాహారుల్లో ఈ లోపం చాలా ఎక్కువని అక్కడి పరిశోధనలే చెబుతున్నాయి. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే మన అమ్మానాన్నలు, అత్తమామల్లో షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడనివాళ్లు తక్కువ. అది ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రలతోనూ అంతే. మామగారు పేర్లు మర్చిపోతున్నారంటే వయసే కారణమని అనుకోవద్దు, ఆ ఒక్క పరీక్ష చేయించండి. మాత్ర మాంసం నుంచి తీస్తారేమోనన్న అనుమానం పెద్దవాళ్లకు ఉంటుంది. బి12ను ఫ్యాక్టరీల్లో బ్యాక్టీరియాతోనే తయారు చేస్తారు. అనుమానించాల్సింది పై గుల్లను. మెత్తటి క్యాప్సూల్స్‌లో, పిల్లలు ఇష్టపడే గమ్మీల్లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల ఎముకలు, చర్మాల నుంచి వచ్చేదే. పెక్టిన్‌తో చేసిన గమ్మీలు, గుల్ల లేని బిళ్లలు దొరుకుతున్నాయి. కోస్ట్‌కోలో సీసా ఎత్తినప్పుడు వెనక వైపు చదవండి.

ఆడపిల్లల విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఐరన్. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల అమ్మాయికి రోజుకు 15 మిల్లీగ్రాములు కావాలంటారు. శాకాహారులైతే దానికి 1.8 రెట్లు, అంటే 27. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్ మాంసంలో ఉన్నంత సులువుగా ఒంటికి పట్టదు కాబట్టి ఆ లెక్క. ఆ సంఖ్య చూస్తే గుండె జారుతుంది గానీ, మన వంటింట్లోనే దానికి దారులున్నాయి. పుల్లటిది తోడైతే పట్టే శాతం పెరుగుతుంది. పప్పు దించాక నిమ్మకాయ పిండటం, శనగల గుగ్గిళ్లలో పచ్చి మామిడి ముక్కలు వేయడం, అన్నం తర్వాత ఒక నారింజ తినడం ఉత్త రుచి కోసమే కాదు. పెసలు, శనగలు నానబెట్టి మొలకెత్తిస్తే, పిండి పులియబెడితే, ఐరన్‌నూ జింకునూ పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. పిండి పులియబెట్టడం వల్ల వచ్చే మేలు ఇది, బి12 కాదు. ఊరి నుంచి తెచ్చుకున్న ఇనప మూకుడు గరాజ్‌లో పెట్టినవాళ్లుంటే బయటికి తీయండి. టీ మాత్రం భోజనంతో వద్దు. ఆదివారం పాట్‌లక్‌లో బిర్యానీ తినగానే పెద్దపిల్లలు కూడా టీ కప్పులు అందుకోవడం చూస్తున్నాను. రెండు గంటలు ఆగమనండి. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మాత్రం మొదలుపెట్టకండి, అది ఎక్కువైనా ప్రమాదమే.

కాల్షియం సంగతి ఇంత కష్టం కాదు, కానీ శ్రద్ధ కావాలి. తొమ్మిది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 1300 మిల్లీగ్రాములు. కప్పు పాలలో 300 ఉంటుంది. పాలు లేని పిల్లకు రాగులు, నువ్వులు, మునగాకు, మెంతికూర, కాల్షియంతో గడ్డకట్టించిన టోఫు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. వారానికి మూడుసార్లు రాగిదోసె వేస్తున్నాను, వేరుశనగ పచ్చడితో అమ్మాయి ఇష్టంగానే తింటోంది. నువ్వులు పొట్టుతోనే కొనండి, పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో కాల్షియం బాగా తగ్గిపోతుంది. పాలకూర మీద మనవాళ్లకు అపారమైన నమ్మకం. అందులో కాల్షియం ఉన్నా ఆక్సలేట్లు పట్టేసుకుంటాయి, ఒంటికి చేరేది నూటికి ఐదు పాళ్లే. మునగాకు ఫ్రోజెన్ ప్యాకెట్లలో దొరుకుతోంది, పప్పులో ఒక గుప్పెడు వేస్తే చాలు.

విటమిన్ డి విషయంలో శాకాహారులు, మాంసాహారులు అన్న తేడా లేదు. బోస్టన్ అక్షాంశంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎంతసేపు ఎండలో నిలబడ్డా చర్మం విటమిన్ డి తయారు చేయలేదు. మన చామనఛాయకు మిగతా నెలల్లోనూ ఎక్కువసేపు ఎండ కావాలి. రోజుకు 600 యూనిట్లు కావాలంటారు. డి3 మామూలుగా గొర్రె ఉన్ని నుంచి వస్తుంది, అదీ వద్దనే పిల్లలకు లైకెన్ల నుంచి తీసినది ఉంది. ఉప్పు సంగతి కూడా ఒక్క మాట: ఆరోగ్యమని గులాబీ రంగు ఉప్పుకు మారినవాళ్ల ఇంట్లో అయోడిన్ పోయినట్టే. పాలు తాగని పిల్లకు అది ఇంకా ముఖ్యం. అయోడైజ్డ్ ఉప్పు డబ్బా అల్మారాలోకి తిరిగి రావాలి.

రెండు వైపులా చూస్తానన్నాను. చూశాను కూడా. తెలిసినవాళ్ల పిల్లల డాక్టరు ఒకరు, వాళ్ల అమ్మాయి హిమోగ్లోబిన్ చూసి వారానికోసారి చికెన్ పెట్టమన్నారట. ఆ తల్లిదండ్రులు ఆలోచించి పెట్టడం మొదలుపెట్టారు. పిల్ల ఆరోగ్యం కోసం తీసుకున్న నిర్ణయం, వాళ్లను నేనేమీ అనను. కానీ నా మాట అడిగితే, మాంసం అక్కర్లేదు. సరిగా ప్లాన్ చేసుకున్న శాకాహారం పిల్లలకూ గర్భిణులకూ సరిపోతుందని అమెరికాలోని అకాడమీ ఆఫ్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ 2016లో స్పష్టంగా ప్రకటించింది. ప్లాన్ చేయాల్సింది మనం. వైట్ రైస్, బంగాళాదుంప వేపుడు, చీజ్ పిజ్జా, మ్యాగీ పెట్టి, దాన్ని శాకాహారం అని పిలిచి, పిల్ల నీరసపడితే శాకాహారాన్ని నిందించడం న్యాయం కాదు. రేపు డార్మ్‌లో ఆ పిల్ల మాంసం మొదలుపెడితే విలువలు పోయాయని ఏడవడమూ న్యాయం కాదు. ఒంటికి శక్తి చాలని పిల్ల ఏ విలువనీ ఎక్కువ కాలం మోయలేదు.

పెరుగు విషయంలో కూడా నా మొగ్గు దాచుకోను. మా అమ్మాయి మళ్లీ పెరుగు తినాలనే నాకుంది. మా అమ్మమ్మ కవ్వంతో చిలికిన మజ్జిగకు ఏ సోయా డబ్బా సాటి రాదు. కానీ పిల్ల అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఒప్పించే జవాబు లేదు, బలవంతంగా తినిపించే హక్కూ లేదు. ఒక ఒప్పందానికి వచ్చాం. పాలు మానడం దాని ఇష్టం. బి12 మాత్ర మానడం మాత్రం దాని ఇష్టం కాదు, ఏడాదికోసారి రక్తపరీక్ష తప్పదు. దానికి తను సంతోషంగానే ఒప్పుకుంది.

పిల్లల యాన్యువల్ ఫిజికల్‌కు వెళ్లినప్పుడు మనం అడగకపోతే బి12, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), విటమిన్ డి పరీక్షలు చాలాసార్లు రాయరు. మా ఇంట్లో మాంసం తినరు, ఈ మూడూ చూడండి అని డాక్టరుతో నోరు తెరిచి చెప్పండి. పాలు కూడా మానేసిన పిల్ల ఉంటే వచ్చే ఫిజికల్ దాకా ఆగకండి, ఈ వారమే ఫోన్ చేయండి.