మేక ఎవరిది?

ఈ ఏడాది మా హాల్లో కాలెండరు మీదికి మంచు చిరుత వచ్చి కూర్చుంది. బూడిదరంగు ఒళ్ళు, నల్లని వలయాలు, శాలువాలా చుట్టుకున్న పొడుగాటి తోక. వంటింట్లోకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసుకుని, "పాపం, వీటినెవరూ చంపకుండా ఉంటే బావుండును" అనుకునేదాన్ని. అనుకోవడానికి ఖర్చేముంది!

కొండల్లో తిరిగే మంచు చిరుతను మొదట ఫోటో తీసినది జార్జ్ షాలర్ అనే శాస్త్రజ్ఞుడట. 1970లో, పాకిస్తాన్‌లోని చిత్రాల్ ప్రాంతంలో. ఎలా తీశారంటారా? మేకలను ఎరగా కట్టి! అది చదివిన దగ్గర్నుంచీ కాలెండరు చూస్తే నాకు చిరుత కంటే ముందు మేకే గుర్తొస్తోంది.

ఇప్పుడు మేకలు కట్టక్కర్లేదు. చిరుత నడిచే దారిలో కెమెరా బిగిస్తే, అది ఎదురుగా రాగానే తనంతట తానే ఫోటో తీస్తుంది. మన వేలిముద్రల్లాగే ఏ రెండు చిరుతల మచ్చలూ ఒక్కలా ఉండవు. అలా గుర్తుపట్టి, మన దేశంలో 718 ఉంటాయని 2024లో అంచనా చెప్పారు. అందులో 477 లడాఖ్‌లోనే.

ఆ లడాఖ్‌లో మేక మాత్రం ఇంకా చస్తూనే ఉంది. పైకప్పు సరిగా లేని దొడ్డిలోకి దూకిన చిరుత ఒకదాన్ని తిని ఊరుకోదు. బెదిరి పరుగెత్తిన వాటినల్లా చంపుతుంది. తెల్లారేసరికి దొడ్డి ఖాళీ. ఆ ఇల్లాలికి అవే ఉన్ని, అవే పాలు, అవే పిల్లల చదువు. ఆవిడ కోపంతో కర్ర పట్టుకుంటే తప్పుపట్టే హక్కు నాకెక్కడిది? గిన్నెడు పాలు పిల్లి తాగితే పూటంతా తిట్టిపోసేదాన్ని!

ఇంటాయన "అతిథి దేవుడు" అంటూ నలుగుర్ని భోజనానికి పిలిచినప్పుడు పొయ్యి దగ్గర ఉడికేదెవరో మనకి తెలియనిదా? జీవకారుణ్యమూ అంతే. ఖర్చు ఇంకొకరిదైతే పుణ్యం మనదెలా అవుతుంది?

సంగతి గ్రహించినవాళ్ళు అక్కడ నీతులు చెప్పడం మాని, దొడ్ల మీద ఇనుప వల కప్పించారు, తలుపులు బిగించారు. హెమిస్ చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లాళ్ళు ఓ గది యాత్రికులకిచ్చి, ఇంటి వంటే పెట్టి నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్నారు. మేకల్ని ఎత్తుకుపోయిన చిరుత కోసమే ఆ యాత్రికులు వస్తారు!

కాలెండరు నేను తీసెయ్యలేదు. కాకపోతే ఇప్పుడు "పాపం" అన్నప్పుడల్లా, "మేక ఎవరిది?" అని కూడా నన్ను నేను అడుగుతున్నాను.